సూరత్ వార్డుల్లో నర్సమ్మలు ఎలా తయారయ్యారు

సూరత్‌లో మనుషుల ఆసుపత్రికన్నా ముందు జంతువుల ఆసుపత్రి పేరుకెక్కింది. 1689లో ఇంగ్లండ్ నుంచి బయల్దేరి, ఈస్టిండియా కంపెనీ వాళ్ల మతగురువుగా ఈ రేవుపట్నానికి వచ్చిన జాన్ ఓవింగ్టన్ తన యాత్రాగ్రంథంలో దాని గురించి రాశాడు. ముసలి ఆవుల్ని, కుంటి గుర్రాల్ని, జబ్బు చేసిన మేకల్ని, కుక్కల్ని బనియా వ్యాపారులు అక్కడ సాకేవారు. పక్కనే నల్లుల్లాంటి పురుగులకూ ఒక చోటుండేది. వాటి ఆకలి తీర్చడానికి అప్పుడప్పుడూ ఒక పేదవాణ్ణి కూలికి పెట్టుకునేవారు. అతను చేయాల్సిందల్లా రాత్రంతా ఆ మంచం మీద పడుకోవడమే. కూలి తీసుకుని నైట్ డ్యూటీ చేసిన సూరత్ ఆసుపత్రి ఉద్యోగుల్లో చరిత్రకెక్కిన మొదటివాడు బహుశా అతనే.

మనుషుల సంగతి వేరు. జబ్బు పడితే ఇల్లే ఆసుపత్రి. తల్లి, కోడలు, భర్త పోయి పుట్టింటికి చేరిన మేనత్త, వీళ్లే సేవ చేసేవారు. కాన్పుకు దాయీ వచ్చేది. మన మంత్రసానికి లాగే ఆమెకూ పని తెలుసు, గౌరవం మాత్రం దక్కేది కాదు. పరాయివాళ్ల మలమూత్రాలెత్తి, పుండ్లు కడిగి, రాత్రిపూట మగవాళ్ల వార్డులో తిరిగి జీతం తెచ్చుకోవడం పరువుగల ఇంటి ఆడదాని పని కాదని సూరత్‌లోనూ అనుకున్నారు, గుంటూరులోనూ అనుకున్నారు. అందుకే నర్సు చదువు చరిత్రను సిలబస్‌లో వెతికితే సగమే దొరుకుతుంది. ఇంకే దారీ లేని ఆడవాళ్లకు ఈ దారి ఎవరు చూపించారు, వాళ్ల చదువుకు ఖర్చు ఎవరు పెట్టుకున్నారు అన్నదే మిగతా సగం.

ఆ దారి వేసినవాళ్లలో ఒకడు సూరత్‌లో పెరిగిన పార్సీ కుర్రాడు. బెహ్రామ్‌జీ మలబారీ 1853లో బరోడాలో పుట్టాడు. తల్లి భిఖీబాయి పిల్లవాణ్ణి తీసుకుని సూరత్ చేరింది. అతని చిన్నతనంలోనే ఆమెను కలరా ఎత్తుకుపోయింది. ఐరిష్ ప్రెస్బిటేరియన్ మిషన్ బడిలో చదువుకున్న ఆ అనాథ తర్వాత బొంబాయి వెళ్లి పత్రికా సంపాదకుడయ్యాడు. బాల్యవివాహాల మీద, బలవంతపు వైధవ్యం మీద 1884లో ఆయన రాసిన నోట్స్ దేశమంతా దుమారం లేపాయి. బాలికల సమ్మతి వయసును పదేళ్ల నుంచి పన్నెండుకు పెంచిన 1891 చట్టం వెనక ఆయన ప్రచారం చాలా ఉంది. ఆ మరుసటి ఏడాది దయారామ్ గిడుమల్ రాసిన మలబారీ జీవితచరిత్ర లండన్‌లో అచ్చయింది. దానికి పీఠిక రాసింది ఫ్లోరెన్స్ నైటింగేల్. భారతదేశంలో ఒక్కసారి కూడా అడుగు పెట్టని ఆ నర్సు నాయకురాలు, మంచం మీద నుంచే ఈ దేశపు మురుగు కాల్వల గురించి, మంత్రసానుల గురించి దశాబ్దాల పాటు ఉత్తరాలు రాస్తూనే ఉంది. ఆమె చూపు సూరత్ మిషన్ బడి పిల్లవాడిపై పడిందంటే, ఆసుపత్రిలో ఆడవాళ్ల చావుకూ ఇంట్లో ఆడవాళ్ల బతుక్కీ సంబంధం ఉందని ఇద్దరూ గ్రహించబట్టే.

మలబారీ అండగా నిలిచినవాళ్లలో రుఖ్మాబాయి ఒకరు. ఆమె కథ తెలిసినవాళ్లు తెలుగునాట తక్కువ. పదకొండో ఏట పెళ్లి చేశారు, ఆమె కాపురానికి వెళ్లనంది. భర్త దాదాజీ భికాజీ 1884లో కోర్టుకెక్కాడు. మొదట జస్టిస్ పిన్హీ ఆమె పక్షాన తీర్పిచ్చాడు. 1887లో మరో న్యాయమూర్తి కాపురానికి వెళ్లు, లేదా ఆరు నెలలు జైలుకు వెళ్లు అన్నాడు. జైలుకే వెళ్తానంది రుఖ్మాబాయి. చివరికి 1888లో రెండు వేల రూపాయలతో భర్త రాజీకొచ్చాడు. బొంబాయి కామా ఆసుపత్రి నడుపుతున్న డాక్టర్ ఎడిత్ పీచీ వంటి వాళ్లు సాయం చేయగా లండన్ వెళ్లి, 1894లో డాక్టరై తిరిగొచ్చింది. కొద్దికాలానికే సూరత్ మహిళా ఆసుపత్రి బాధ్యత తీసుకుని, సుమారు రెండు దశాబ్దాలు ఇక్కడే పనిచేసింది. అంటే కాపురం చేయనని కోర్టులో నిలబడిన ఆడమనిషి చేతుల్లో సూరత్ ఆడవాళ్ల కాన్పులు జరిగాయి. ఊరు ఆమెను వెలివేయలేదు. గుజరాతీ సమాజం గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడబోతే ఈ సంగతి గుర్తు చేయాలి.

డాక్టరు ఒక్కరే ఆసుపత్రిని నడపలేరు. వేడినీళ్లు, ఉడకబెట్టిన పనిముట్లు, గంటగంటకూ చూసే నాడి, రాత్రి రెండింటికి మెలకువగా ఉండే ఒక మనిషి, ఇవన్నీ కావాలి. బొంబాయి రాష్ట్రంలో ఆ మనుషుల్ని తయారుచేసే పని మొదలెట్టిన చోట్లలో 1886లో తెరిచిన కామా ఆసుపత్రి ముఖ్యమైంది. అక్కడ నర్సుల శిక్షణ ఏర్పాటు చేసింది ఎడిత్ పీచీయే. 1891లో బాయి కాశీబాయి గణపత్ అనే ఆమె అక్కడ శిక్షణలో చేరింది. నర్సింగ్ పాఠ్యపుస్తకాలు ఆమెను శిక్షణకు వచ్చిన మొదటి భారతీయ నర్సుగా చెబుతాయి. ఆమె గురించి ఆ పుస్తకాల్లో అంతకుమించి ఏమీ ఉండదు. డాక్టర్లకు జీవితచరిత్రలుంటాయి, నర్సులకు రిజిస్టరులో ఒక వరుస ఉంటుంది. ఇది ఈ వృత్తికి మొదటినుంచీ ఉన్న జబ్బు.

1896లో బొంబాయిలో ప్లేగు పుట్టి, మరుసటి ఏడాదికి గుజరాత్ పట్టణాలకూ పాకింది. ప్లేగు ఆసుపత్రులు తెరిచారు గానీ వాటిలో పనిచేసే శిక్షణ పొందిన చేతులు లేవు. ఇంగ్లండ్ నుంచి ఓడల్లో నర్సుల్ని రప్పించాల్సి వచ్చింది. సొంత నర్సులు లేని దేశం రోగమొచ్చిన రోజున ఎంత నిస్సహాయమవుతుందో పాలకులకు అప్పుడు తెలిసొచ్చింది. కానీ తెలిసినంత త్వరగా ఖర్చు పెట్టడానికి చేతులు రాలేదు.

ఖర్చు పెట్టినవాళ్లు వేరే ఉన్నారు. మిషనరీలు మొదటివాళ్లు. తెలుగునాట గుంటూరులో డాక్టర్ అన్నా సారా కుగ్లర్ ఆసుపత్రి 1898లో తెరుచుకుంది. ఇలాంటి మిషన్ ఆసుపత్రుల్లోనే క్రైస్తవ అమ్మాయిలు పెద్ద సంఖ్యలో నర్సులయ్యారు. ఆ తర్వాత సంస్కర్తలు వచ్చారు. మలబారీ, గిడుమల్ కలిసి 1908లో బొంబాయిలో సేవాసదన్ పెట్టారు. ఆ మరుసటి ఏడు పుణెలో మొదలైన సేవాసదన్‌ను నడిపించిన రమాబాయి రానడే బ్రాహ్మణ వితంతువుల్ని సాసూన్ ఆసుపత్రిలో నర్సు శిక్షణకు పంపింది. కులం చెడుతుందని ఊరంతా నోరు చేసుకున్నా వెనక్కి తగ్గలేదు. సూరత్‌లో 1907లో బాజీగౌరి మున్షీ, శివగౌరి గజ్జర్ అనే ఇద్దరు వితంతువులు వనితా విశ్రామ్ స్థాపించారు. అది నర్సుల బడి కాదు. కానీ భర్త పోయిన ఆడపిల్ల చేతికి పుస్తకం ఇవ్వవచ్చని ఈ ఊరికి నేర్పింది అదే. అదే ఏడాది డిసెంబరులో కాంగ్రెస్ మహాసభ సూరత్‌లోనే కుర్చీలు, చెప్పులు విసురుకుని రెండుగా చీలింది. చరిత్ర పుస్తకాల్లో చెప్పుల గొడవకు పేజీలున్నాయి, వనితా విశ్రామ్‌కు వాక్యం కూడా కష్టమే.

ఇక చట్టాల సంగతి. శిక్షణ పొందిన నర్సును మిగతావాళ్ల నుంచి వేరు చేసేది రిజిస్టరులో పేరు. మద్రాసు రాష్ట్రం 1926లోనే నర్సులు, మంత్రసానుల రిజిస్ట్రేషన్‌కు చట్టం చేసింది కాబట్టి కోస్తా, రాయలసీమ నర్సులకు ఆ హోదా ముందే అందింది. సూరత్ ఉన్న బొంబాయి రాష్ట్రంలో ఆ చట్టం 1935లో వచ్చింది. దేశ ఆరోగ్య వ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ 1946లో లెక్క వేస్తే దేశం మొత్తానికి ఏడు వేల మంది నర్సులు తేలారు. అంటే 43,000 మందికి ఒక్కరు. ఆ ఏడే ఢిల్లీలోనూ వెల్లూరులోనూ బీఎస్సీ నర్సింగ్ మొదలైంది. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం, 1960లో గుజరాత్ వేరు రాష్ట్రం కావడం, ఆ తర్వాత దానికి సొంత నర్సింగ్ కౌన్సిల్, ఇవి ఒకదాని వెంట ఒకటి వచ్చాయి.

సూరత్‌కు అసలైన మలుపు 1964. ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. మజూరా గేట్ దగ్గరి న్యూ సివిల్ ఆసుపత్రి దక్షిణ గుజరాత్‌కంతటికీ పెద్దదిక్కయింది. నర్సు నేర్చుకునేది మంచం పక్కనే కాబట్టి మంచాలెక్కువున్న చోటే నర్సింగ్ చదువూ పెరుగుతుంది. ప్రభుత్వ నర్సింగ్ కళాశాల ఈ ఆసుపత్రి ఆవరణలోనే ఉంది. డాంగ్ అడవుల నుంచి వచ్చే ఆదివాసీ గర్భిణి, మగ్గంలో వేలు నలిగిన ఒడియా కుర్రాడు, వజ్రాలు సానపట్టే సౌరాష్ట్ర పనివాడు, అందరూ ఒకే కారిడార్‌లో పడుకుంటారు. విద్యార్థినులు వాళ్ల దగ్గరే ఒక్కో పనీ నేర్చుకుంటారు: పక్క సర్దడం, టెంపరేచర్ చార్టు రాయడం, స్పాంజ్ బాత్, ఇంజెక్షన్, డ్రెస్సింగ్, ఆ తర్వాత లేబర్ రూమ్. ఏళ్ల తరబడి నర్సింగ్ విద్యార్థినులంతా తమ కేసు పుస్తకంలో ఇరవై సాధారణ కాన్పులు స్వయంగా చేసినట్టు రాసి సంతకం పెట్టించుకోవాల్సి వచ్చేది. అందుకే మెటర్నిటీ పోస్టింగ్ పడితే ఇంకెన్ని మిగిలాయన్న లెక్క తప్పేది కాదు.

ఈ వార్డుల్లో తెలుగు కూడా వినిపిస్తుంది. నల్గొండ, వరంగల్, కరీంనగర్ జిల్లాల పద్మశాలీలు చేతిమగ్గం కూలి కడుపు నింపక షోలాపూర్, భివండీ, బొంబాయి, ఆ వరుసలో సూరత్ పట్టారు. లింబాయత్, ఉధ్నా వైపు గల్లీల్లో స్థిరపడ్డారు. ఇక్కడ ఖాతాలనే మరమగ్గాల షెడ్లలో పన్నెండు గంటల షిఫ్టులు నడిపారు. సూరత్ మున్సిపాలిటీ ప్రాథమిక బడులను గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మీడియంలోనూ నడుపుతుందంటే వీళ్ల జనాభా ఎంతో ఊహించుకోవచ్చు. పొరుగు రాష్ట్రం కూడా కాని గుజరాత్‌లో ఒక నగరం తన డబ్బుతో తెలుగు బడులు నడపడం చిన్న విషయం కాదు. తెలుగు రాష్ట్రాల్లోనే తెలుగు మీడియం బతుకుతుందా అని మనం తర్కించుకుంటున్న రోజుల్లో ఇది ఇంకా పెద్దగా కనిపిస్తుంది.

1994 సెప్టెంబరులో తాపీ నది పొంగి తీసిన తర్వాత ప్లేగు వచ్చింది. వేడ్ రోడ్ వైపు నుంచి జ్వరం, దగ్గు, నెత్తుటి కళ్లెతో మనుషులు న్యూ సివిల్ ఆసుపత్రికి రావడం మొదలైంది. న్యుమోనిక్ ప్లేగు అన్న మాట పొక్కగానే టెట్రాసైక్లిన్ మాత్రలు దుకాణాల్లో మాయమయ్యాయి. కొద్ది రోజుల్లో లక్షల మంది రైళ్లెక్కి ఊరు విడిచిపోయారు. లూమ్ పనివాళ్లు ఎవరి ఊళ్లకు వాళ్లు బయల్దేరారు. ప్రైవేటు డాక్టర్లలో చాలామంది క్లినిక్‌లకు తాళాలు వేసుకున్నారు. ప్రభుత్వ ఆసుపత్రి సిబ్బందికి ఆ వెసులుబాటు లేదు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, మాత్ర మింగి, వార్డులోకి వెళ్లాల్సిందే. దేశం మొత్తం మీద 693 అనుమానిత కేసులు, 56 మరణాలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ తర్వాత లెక్క తేల్చింది. ఆ భయంతో పోల్చితే సంఖ్య చిన్నది. ఎందుకు చిన్నదైందంటే మందు సమయానికి పడింది. మందు రోగి నోట్లో వేసిన చెయ్యి సాధారణంగా నర్సుదే. అది నిజంగా ప్లేగేనా అని శాస్త్రవేత్తలు ఆ తర్వాత ఎన్నో నెలలు వాదించుకున్నారు. వార్డులో ఉన్నవాళ్లకు వాదనకు టైము లేదు.

మరుసటి ఏడాది మే నెలలో సూరత్ మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన అధికారి సూర్యదేవర రామచంద్రరావు. పేరు చూస్తేనే తెలుగువారికి ఆయన ఎవరో తెలుస్తుంది. అధికారుల్ని ఏసీ గదుల్లోంచి లేపి పొద్దున్నే వీధుల్లోకి పంపాడు. 1996లో ఇంటాక్ అనే సంస్థ చేసిన సర్వేలో చండీగఢ్ తర్వాత దేశంలో రెండో పరిశుభ్ర నగరంగా సూరత్ నిలిచింది. ఈ కథ అందరూ చెబుతారు. దాని తర్వాతి అధ్యాయం అంతగా చెప్పరు. ప్లేగు తర్వాత పదేళ్లు తిరక్కుండానే సూరత్ మున్సిపాలిటీ సొంతంగా స్మిమెర్ అనే మెడికల్ కాలేజీ, ఆసుపత్రి పెట్టుకుంది. ఉమర్‌వాడాలో చీరల వ్యాపారానికి పేరున్న బాంబే మార్కెట్ ఎదురుగానే అది ఉంది, లింబాయత్‌కు కూతవేటు దూరం. చెత్త ఎత్తే పన్నుతోనే వైద్యవిద్య కూడా నడపవచ్చని ఒక నగరం తేల్చుకోవడం మన దేశంలో అరుదు.

వైద్యవిద్యను ఊళ్లోనే అందించాలన్న ఇలాంటి ఆలోచనే అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ నర్సును పుట్టించింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అక్కడ నర్సుల కరువొచ్చింది. మిల్డ్రెడ్ మాంటాగ్ అనే నర్సింగ్ అధ్యాపకురాలు 1951లో ఒక పుస్తకంతో ముందుకొచ్చింది. నర్సును ఆసుపత్రిలో చాకిరీ చేయించి తయారుచేయనక్కర్లేదని, పేటలోని చిన్న కాలేజీలో రెండేళ్లలో చదివించవచ్చని ఆమె వాదన. 1952లో ప్రయోగం మొదలైంది. పెళ్లయినవాళ్లు, పిల్లల తల్లులు, చదువు మధ్యలో ఆపేసినవాళ్లు ఇంటి నుంచే వచ్చి చదివి రిజిస్టర్డ్ నర్సులయ్యారు. అప్పట్లో మన దగ్గర చాలా నర్సింగ్ స్కూళ్లు పెళ్లికాని అమ్మాయిల్నే చేర్చుకుని, హాస్టల్‌లో ఉంచి, గేటుకు తాళం వేసే పద్ధతిలో నడిచేవి. ఈ తేడా వల్లే ఇక్కడ ముప్పై ఏళ్లు దాటిన ఆడమనిషికి నర్సు చదువు దాదాపు మూసుకుపోయింది.

దాదాపు అన్నది ఎందుకంటే మాంటాగ్ కన్నా ముందే అదే దారిలో ఆలోచించిన తెలుగు మహిళ ఒకరున్నారు. రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయి 1930లలో మద్రాసులో చదువు తప్పిన ఆడవాళ్లను బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారుచేయడం మొదలెట్టారు. ఆంధ్ర మహిళా సభ అలా పుట్టింది. చిన్నతనంలో జరిగిన పెళ్లి నుంచి బయటికొచ్చి, ఆ తర్వాతే మెట్రిక్ నుంచి లా దాకా చదువుకున్న మనిషి కాబట్టి ఏ అడ్డం ఎక్కడుందో ఆమెకు తెలుసు. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు అధ్యక్షురాలిగా 1958లో ఆ అనుభవాన్నే దేశమంతటికీ పథకంగా మార్చారు. కండెన్స్‌డ్ కోర్సు పేరుతో వయసు మీరిన ఆడవాళ్లకు రెండేళ్లలో మెట్రిక్ చదువు పూర్తి చేయించి, నర్సులుగా, ఏఎన్ఎంలుగా, టీచర్లుగా, గ్రామసేవికలుగా పంపడం దాని ఉద్దేశం. మన పల్లెల్లో టీకాల పెట్టె భుజాన వేసుకుని తిరిగిన మొదటి తరం నర్సమ్మల్లో ఈ దారిన వచ్చినవాళ్లున్నారు. అమెరికా కమ్యూనిటీ కాలేజీకి ఇక్కడ దగ్గరి చుట్టం వెతకాలంటే కొత్త పథకాల పేర్లు అక్కర్లేదు, దుర్గాబాయి కోర్సును చూస్తే చాలు. దాన్ని సవ్యంగా కొనసాగించకపోవడం మన తప్పు.

ఇవాళ సూరత్‌లో నర్సు కావాలంటే రెండు దారులున్నాయి. ఇంటర్ పాసై 40 శాతం మార్కులుంటే మూడేళ్ల జీఎన్ఎం (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ) డిప్లొమా. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్‌తో చదివి 45 శాతం తెచ్చుకుంటే నాలుగేళ్ల బీఎస్సీ. రెండూ రిజిస్టర్డ్ నర్సు హోదా ఇస్తాయి. ఆఖరి పరీక్ష పాసవగానే గుజరాత్ నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. 1947 నాటి చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం తెచ్చింది కాబట్టి ముందు ముందు పద్ధతులు మారవచ్చు. ప్రైవేటు కాలేజీలు ఊరి చుట్టూ బోలెడున్నాయి. ఫీజు అడిగేముందు అక్కడి విద్యార్థుల్ని ఏ ఆసుపత్రికి పంపుతారో, అందులో ఎన్ని మంచాలున్నాయో అడిగితే ఆ కాలేజీ విలువ తెలిసిపోతుంది.

లింబాయత్ తెలుగు బడిలో చదివిన అమ్మాయికి అడ్డం వచ్చేది తెలివి కాదు. ఎనిమిదో తరగతి దాటాక భాష మారుతుంది, పదో తరగతి తర్వాత సైన్సు తీసుకొమ్మని చెప్పేవాళ్లు ఉండరు, పదకొండులో గుజరాత్ బోర్డు వాళ్లు బీ గ్రూప్ అనే బయాలజీ గ్రూపు తప్పిపోతే బీఎస్సీ దారి అక్కడితో మూసుకుపోతుంది. సూరత్‌లోని తెలుగు సంఘాలు ఏటా కల్యాణోత్సవాలకు, భోజనాలకు చందాలు వసూలు చేస్తాయి. అందులో ఒక్క పాలు తీసి పదో తరగతి ఆడపిల్లలకు ఇంగ్లిష్, బయాలజీ ట్యూషన్ పెట్టించండి. బోర్డు పరీక్షలకు ముందే న్యూ సివిల్ ఆవరణలోని నర్సింగ్ కళాశాలకు వాళ్లను, వాళ్ల అమ్మల్ని ఒకసారి తీసుకెళ్లి చూపించండి. ఊరికి తిరిగి వెళ్దామనుకునే కుటుంబాలకు ఇంకో మాట: గుజరాత్‌లో రిజిస్టరైన నర్సు తెలంగాణలోనో ఆంధ్రలోనో ఉద్యోగంలో చేరాలంటే అక్కడి కౌన్సిల్‌లో మళ్లీ నమోదు చేయించుకోవాలి, దానికి కావాల్సిన కాగితాలు సూరత్ విడిచేముందే గుజరాత్ కౌన్సిల్ నుంచి తీసుకోవాలి.